సాబ్ తిడితే అర్జీ ఎవరికివ్వాలి?

సంపాదకుడు గారికి,

నమస్కారం. మీ పేపర్లో అగ్నివీర్ ర్యాలీ ప్రకటన పడిన రోజున మా ఊరి కుర్రాళ్లు అది పట్టుకుని మా అరుగు మీదికి వస్తారు. పరుగు ఎన్ని నిమిషాల్లో తీయాలి, ఛాతీ ఎంత ఉండాలి అని అడుగుతారు. ఆర్మీలో 24 ఏళ్లు చేసి హవల్దార్‌గా దిగినవాడిని కాబట్టి నాకు తెలిసింది చెబుతాను. గత నెల మాత్రం కుర్రాళ్లు కాదు, ఆర్మీలో చేరిన మా వీధి కుర్రాడి తల్లి వచ్చింది. "అన్నియ్యా, మా గుంటడిని సాబు అందరి ముందూ లెంపకాయ కొట్టాడంట. అమ్మని పట్టుకుని తిట్టాడంట" అని ఏడ్చింది. హైదరాబాద్‌లో ఉన్న చుట్టం ఒకడు వీడియో చేసి పంపితే యూట్యూబ్‌లో పెట్టేస్తానన్నాడట. ఆ పని మాత్రం వద్దన్నాను.

ఆ రాత్రి కుర్రాడితో మాట్లాడాను. "తిరిగి ఏమైనా అన్నావా?" అనడిగాను. "లేదు మావయ్యా, సావధాన్‌లోనే ఉండిపోయాను" అన్నాడు. బతికించావురా అన్నాను. నేను పిరికి మందు పోస్తున్నానని చాలామందికి అనిపించవచ్చు. అందుకే ఈ ఉత్తరం.

ఆర్మీ చట్టం 1950 నాటిది. అందులో సెక్షన్ 40 పైవాడి మీద చెయ్యి ఎత్తినవాడికీ, నోరు జారినవాడికీ వర్తిస్తుంది. నోరు జారినందుకే ఐదేళ్ల దాకా జైలు వేయొచ్చు. అదే పుస్తకంలో నాలుగు పేజీలు తిప్పితే సెక్షన్ 47 కనిపిస్తుంది. కింది ర్యాంకు వాడిని కొట్టినా, ఇంకో రకంగా హింసించినా ఏడేళ్ల దాకా జైలు. ఆఫీసరైనా, జేసీవో (సుబేదార్ లాంటివాడు) అయినా, చిన్న ర్యాంకు నాయక్ అయినా ఇదే లెక్క. కాగితం మీద చూస్తే పైవాడి తప్పుకీ శిక్ష గట్టిదే. నా సర్వీసంతటిలో సెక్షన్ 40 పేరు నేను వినని నెల లేదు. సెక్షన్ 47 పేరు మాత్రం దిగిపోయాక, ఒక లాయర్ నోట విన్నాను.

జవాను తప్పు చేస్తే మర్నాడు పొద్దున్నే టోపీ, బెల్టు తీయించి సీవో (యూనిట్ కమాండింగ్ ఆఫీసర్) ముందుకు మార్చ్ చేయిస్తారు. సెక్షన్ 80 కింద ఆయన అక్కడికక్కడే 28 రోజులు లోపల వేయగలడు. సర్వీసు పుస్తకంలో ఆ శిక్ష ఎర్ర సిరాతో ఎక్కుతుంది. అలాంటివి నాలుగు పడితే ఇంటికి పంపే దారి తెరుచుకుంటుంది. నాలుగు పడ్డాయి కదా అని కళ్లు మూసుకుని పంపేయకూడదు, ముందు విచారణ జరగాలని 2015లో సుప్రీంకోర్టు చెప్పాల్సి వచ్చింది. పెద్ద కేసయితే సమ్మరీ కోర్టు మార్షల్. అందులో కోర్టు అంటే సీవో ఒక్కడే. పక్కన ఇద్దరు కూర్చుంటారు గానీ తీర్పులో వాళ్లకి భాగం లేదు.

మరి పైవాడు తప్పు చేస్తే? సెక్షన్ 26 ఉంది. అన్యాయం జరిగిందనుకున్న జవాను తన కంపెనీ కమాండర్‌కి ఫిర్యాదు చేసుకోవచ్చు. ఫిర్యాదు ఆయన మీదే అయితే ఆయన పై అధికారికి ఇవ్వొచ్చు. తీసుకున్నవాడు పూర్తిగా విచారించి తీరాలి. మంచి సెక్షనే. తంటా అల్లా ఆ అర్జీ నడిచే దారితోనే.

నా సంగతే చెబుతాను. అప్పుడు నాయక్‌ని, చలి ప్రాంతంలో పోస్టింగ్. తెల్లవారుజామున బండి స్టార్ట్ కాలేదు. డీజిల్ గడ్డకట్టి పైపులో నిలిచిపోయింది. కింద చిన్న మంట పెట్టి ట్యాంకు వేడి చేస్తుంటే ఒక ఆఫీసర్ వచ్చాడు. ఆయన వయసు నాకంటే రెండు మూడేళ్లు తక్కువే ఉంటుంది. నా కింద పనిచేసే కుర్రాళ్లు ఎనిమిది మంది చూస్తుండగా, నా తల్లి మీద పెట్టి ఆయన అన్న మాట ఇక్కడ రాయలేను. బొటనవేళ్లు ప్యాంటు కుట్టు మీద నొక్కిపెట్టి నిలబడ్డాను. ఆ కుట్టు దారం గరుకు ఇప్పటికీ వేలికి తెలుస్తుంటుంది.

మా సుబేదార్ సాబ్ పంజాబీ. నన్ను లంగర్ (వంటశాల) వెనక్కి తీసుకెళ్లి మగ్గు నిండా చాయ్ పోయించాడు. "ఈరోజే రాసెయ్. తేదీ, టైము, ఆయన అన్న మాట ఉన్నదున్నట్టు. రేపటికి కోపం ఉంటుంది, మాటలు మర్చిపోతావు" అన్నాడు. రాశాను. సీవో సాబ్ ఇంటర్వ్యూకి పేరిచ్చాను. ఆయన మర్యాదగానే విని, సాక్షులెవరని అడిగాడు. ఎనిమిది మందిలో ఇద్దరికి ఆ ఏడే ప్రమోషన్‌కి కావాల్సిన కేడర్ కోర్సు, ఒకడికి చెల్లెలి పెళ్లి సెలవు కావాలి. ఎవరికీ ఏమీ వినపడలేదు. అర్జీ అక్కడితో ఆగింది. కాగితం మీద నాకు ఏ శిక్షా పడలేదు. ఆ సంక్రాంతికి రాసిపెట్టుకున్న సెలవు వైశాఖంలోకి జరిగింది, అంతే. మా నాన్న తద్దినానికి నేను లేను.

పగ ఇలాగే వస్తుంది. సెలవు జరుగుతుంది, పోస్టింగ్ మారుతుంది, రాత్రి డ్యూటీలు పెరుగుతాయి. దేనికీ కారణం రాసి ఉండదు. 2007 చట్టంతో సైనికుల కోసం ప్రత్యేకంగా ట్రిబ్యునల్ వచ్చింది, మన రాష్ట్రం చెన్నై బెంచ్ కిందికి వస్తుంది. ఆ చట్టంలో ట్రిబ్యునల్ విచారించకూడని వాటి జాబితా చదివితే నాకు నవ్వొచ్చింది. సెలవులు, బదిలీలు, పోస్టింగులు అందులోనే ఉన్నాయి. మమ్మల్ని ఏ చెయ్యితో కొడతారో ఆ చెయ్యి ఒక్కటీ వదిలేశారు.

వీడియో ఎందుకు వద్దన్నానో కూడా చెప్పాలి. 2017 జనవరిలో తేజ్ బహదూర్ యాదవ్ అనే కానిస్టేబుల్ మాడిన రొట్టె, నీళ్ల పప్పు చూపించిన వీడియో దేశమంతా చూసింది. ఆయన ఆర్మీ కాదు, బీఎస్ఎఫ్. ఏప్రిల్ వచ్చేసరికి ఉద్యోగం లేదు. అదే జనవరిలో ఆర్మీ లాన్స్ నాయక్ ఒకాయన, జవాన్ల చేత ఆఫీసర్ల సొంత పనులు చేయించే సహాయక్ పద్ధతి మీద వీడియో పెట్టాడు. మార్చిలో మహారాష్ట్ర దేవ్‌లాలీలో, రహస్య కెమెరా ముందు ఇదే గోడు చెప్పుకున్న గన్నర్ ఒకడు శవమై దొరికాడు. అప్పటి సైన్యాధిపతి బిపిన్ రావత్ గారు ఫిర్యాదుల పెట్టెలు పెట్టిస్తాం, వాటిలో వేయండి అన్నారు. ఆర్మీ డే ప్రసంగంలో సోషల్ మీడియాకెక్కితే శిక్ష తప్పదనీ హెచ్చరించారు. వీడియో పెట్టిన మరుక్షణం సాబ్ చేసిన తప్పు పక్కకు పోయి, జవాను చేసిన తప్పు ముందుకొస్తుంది. సర్వీసులో ఉన్నవాడు అనుమతి లేకుండా మీడియాకెక్కడం నిజంగానే నేరం. నలుగురు కలిసి ఒకే కాగితం మీద సంతకాలు పెట్టినా గుంపు కట్టారంటారు. ఎవడి అర్జీ వాడే రాసుకోవాలి.

ఆర్మీలో తిట్లు మామూలే, దీనికి కూడా టెన్షన్ ఏంటి అనే పెన్షనర్లు మా ఊళ్లోనే ఉన్నారు. రగడా (ఒళ్లు హూనమయ్యే కసరత్తు) ఇవ్వని ఉస్తాద్ దగ్గర సిపాయి తయారవడు, ఒప్పుకుంటాను. పిట్టూ (వీపు సంచి) వేసి మైదానం చుట్టూ పరిగెత్తించినవాడిని నేను ఈరోజుకీ దణ్ణం పెట్టుకుని తలుచుకుంటాను. అది వేరు, అమ్మనాన్నల మీదికి పోవడం వేరు. ఒక మాట దాచకుండా చెప్పాలి. హవల్దార్‌నయ్యాక నేనూ ఒక కుర్రాడిని, ఆ ఆఫీసర్ నన్నన్న మాటే అన్నాను. వాడి బొటనవేళ్లు ప్యాంటు కుట్టు మీదికి పోయాయి. ఆ రోజు అన్నం తినలేకపోయాను. వాడికి సారీ చెప్పానా అంటే, లేదు. ర్యాంకు అడ్డం వచ్చింది.

మంచి ఆఫీసర్లు లేరని కాదు. జవాన్లు తిన్నాక తిన్నవాళ్లని, సరుకు మోయలేనివాడి బరువు తన భుజానికెత్తుకున్నవాళ్లని చూశాను. అలాంటి సీవో ఉన్న చోట సైనిక్ సమ్మేళన్‌లో (జవాన్లందరితో సీవో పెట్టే సభలో) ఎవడైనా లేచి మాట్లాడతాడు. ఆ ఒక్క మనిషి మంచివాడు కావడం మీదే అంతా ఆధారపడటం నాకు నచ్చని సంగతి.

ఇక అగ్నివీర్లు. మాకు పెన్షన్ ధీమా ఉండేది. వీళ్లకి నాలుగేళ్లే, ఆ తర్వాత ఉంచుకునేది వందలో 25 మంది దాకానే. మొదటి బ్యాచ్ గడువు 2026 చివరికి, 2027 మొదటికి ముగుస్తుంది. ఎవరిని ఉంచాలో తేల్చే మార్కుల్లో వాళ్ల యూనిట్ వాళ్ల మాట కూడా ఉంటుంది. తనకు మార్కులేసే మనిషి మీద అర్జీ పెట్టమని ఇరవై ఏళ్ల కుర్రాడికి ఏ ముఖం పెట్టుకుని చెప్పను?

కాబట్టి పైవాడి మీద ఫిర్యాదు ఆ యూనిట్ బయటివాళ్లు వినాలి. వినే ముగ్గురిలో ఒకరైనా యూనిఫాం లేనివారు ఉండాలి. ఫిర్యాదు చేసినవాడి సెలవు, పోస్టింగ్ ఆరు నెలల్లోపు మారితే కారణం రాసివ్వాలి, దాన్ని ట్రిబ్యునల్ అడగగలగాలి. క్రమశిక్షణ దెబ్బతింటుందని పెద్దలు అంటారు. పని చోట మహిళల మీద జరిగే లైంగిక వేధింపుల గురించి 2013లో వచ్చిన చట్టం, కమిటీలో బయటివారు ఒకరుండాలనే చెప్పింది. ఆ మాటకి ఏ ఆఫీసూ కూలిపోలేదు.

మా వీధి కుర్రాడు అర్జీ రాశాడు. తేదీ, టైము, మాట ఉన్నదున్నట్టు. నకలు ఫొటో తీసి వాళ్లమ్మకు పంపబోతే వద్దన్నాను, చేత్తో రాసి ట్రంకులో పెట్టుకోమన్నాను. ఇంకా పిలుపు రాలేదట. ఆమె రోజూ సాయంత్రం మా గుమ్మం దాకా వచ్చి, ఏమీ అడక్కుండానే కాసేపు నిలబడి వెళ్తోంది.

మీకొక విన్నపం. ఈసారి ర్యాలీ ప్రకటన వేసేటప్పుడు, 1.6 కిలోమీటర్ల పరుగు లెక్క పక్కనే సెక్షన్ 26 సారాంశం తెలుగులో నాలుగు లైన్లు వేయండి. చిన్న అక్షరాలైనా సరే, మా అరుగు మీద నేను చదివి వినిపిస్తాను.

ఇట్లు,
ఒక మాజీ హవల్దార్,
టెక్కలి, శ్రీకాకుళం జిల్లా