గణితం నడిచొచ్చిన దారిని పాఠంలోకి రానివ్వండి: విద్యాశాఖ మంత్రి గారికి బహిరంగ లేఖ

గౌరవనీయులైన విద్యాశాఖ మంత్రి గారికి,

నమస్కారం. నేను హైదరాబాద్‌లో హైస్కూలు పిల్లలకు లెక్కలు చెప్పే టీచర్ని. డిసెంబర్ 22 వస్తే రామానుజన్ ఫొటోకు దండ వేస్తాం. 'సున్నాను ప్రపంచానికి ఇచ్చింది మనమే' అని పిల్లల చేత స్పీచ్ ఇప్పిస్తాం. మర్నాటి నుంచి మళ్లీ ఫార్ములాల బట్టీయే. ఆ సున్నాతో మనవాళ్లు ఎంత కుస్తీ పట్టారో మాత్రం చెప్పం.

అకరణీయ సంఖ్యల పాఠంలో 'హారం సున్నా కాకూడదు' అని ఉంటుంది. ఎందుకు కాకూడదు సార్ అని ఎవరో ఒకరు అడుగుతారు. సరిగ్గా ఆ ప్రశ్న మీదే మన పండితులు 500 ఏళ్లకు పైగా తలలు బద్దలు కొట్టుకున్నారు. క్రీ.శ. 628లో బ్రహ్మగుప్తుడు సున్నాకు కూడిక, తీసివేత, గుణకార నియమాలు చక్కగా రాశాడు. అప్పును (రుణ సంఖ్యను) అప్పుతో గుణిస్తే ఆస్తి (ధన సంఖ్య) అన్నదీ ఆయనే. భాగహారం దగ్గరికి వచ్చేసరికి మాత్రం సున్నాను సున్నాతో భాగిస్తే సున్నా అనేశాడు. సుమారు 850లో, రాష్ట్రకూట అమోఘవర్షుడి కాలంలో, మహావీరాచార్యుడు సున్నాతో భాగిస్తే సంఖ్య మారదన్నాడు. అదీ తప్పే. 1150 నాటికి రెండో భాస్కరుడు ఆ ఫలితాన్ని అనంతమన్నాడు. సృష్టి, ప్రళయాల్లోనూ మార్పులేని అచ్యుతుడితో పోల్చాడు. నేటి గణితం దాన్నీ ఒప్పుకోదు. అయినా ఆ ఆలోచన ఎంత ముందుకు జరిగిందో చూడండి! ఇంత గొప్ప మేధావులే తడబడ్డారని తెలిస్తే, లెక్క తప్పితే టెన్షన్ పడే పిల్లకు ఎంత ధైర్యం వస్తుంది!

ఆ మహావీరాచార్యుడి గణితసారసంగ్రహాన్ని సుమారు 11వ శతాబ్దంలోనే పావులూరి మల్లన తెలుగు పద్యాల్లోకి తెచ్చాడు. తెలుగులో లెక్కల పుస్తకానికి అంత పాత చరిత్ర ఉంది. తెలుగు మీడియం పిల్లలకైనా ఆ పేరు తెలియకపోవడం నాకు బాధగా ఉంది. 139ని 109తో గుణిస్తే 15151 వస్తుంది, ఎటు నుంచి చదివినా ఒకటే. అలాంటి లెక్కలను మహావీరాచార్యుడు కంఠాభరణాలన్నాడు. బోర్డు మీద రాస్తే క్లాసంతా ఎగబడి చేస్తుంది.

కేరళలో గణితవేత్త మాధవుడు, ఆయన శిష్యపరంపర కనుగొన్న అనంత శ్రేణుల (అంతం లేకుండా సాగే కూడికల) గురించి పెద్ద తరగతుల్లో చెప్పొచ్చు. 2010లో ప్రపంచ గణిత మహాసభలు జరిగిన నగరం మనది. అలాంటి చోట పిల్లలకు ఈ చరిత్ర తెలియకపోతే ఎలా?

ప్రత్యేక సబ్జెక్టు, కొత్త పరీక్ష వద్దు సార్. ఈసారి పుస్తకాలు సవరించేటప్పుడు ఒక్కో అధ్యాయానికి ఒక పేజీ ఇప్పించండి. ఎవరు, ఎప్పుడు, ఏ అవసరంతో ఆలోచించారో, ఎక్కడ పొరపడ్డారో, తర్వాత ఎవరు సరిదిద్దారో అందులో ఉండాలి. ఆధారం లేని గొప్పలు రాయొద్దని రచయితలకు గట్టిగా చెప్పండి. మల్లన పద్యాలు ఓ నాలుగు, అర్థంతో సహా, ముందు మా టీచర్ల శిక్షణలో పెట్టించండి.

భవదీయుడు,
ఒక గణిత ఉపాధ్యాయుడు,
హైదరాబాద్