పరిచయం వేరు, నమ్మకం వేరు

సంపాదకులకు నమస్కారం.

ఒక బ్రాండు ఏడుసార్లు కంటపడితే వినియోగదారు దాన్ని నమ్మడం మొదలుపెడతాడని మీ వ్యాపార పేజీలో ఇటీవల వచ్చిన వ్యాసం చెప్పింది. ఏడు అన్న అంకె మార్కెటింగ్ వారి నోట ఎప్పటినుంచో నలుగుతున్నదే. మూడు చాలన్నవారూ ఉన్నారు. మొదటిసారి ఇదేమిటని చూస్తాం, రెండోసారి దీనితో మనకేం పని అని తూచుకుంటాం, మూడోసారి నుంచి వచ్చేదంతా గుర్తుచేయడమే అని ప్రకటనల మీద పరిశోధన చేసిన హెర్బర్ట్ క్రుగ్‌మన్ 1972లో వాదించారు. అంకెతో నాకు పేచీ లేదు. చూడటానికీ నమ్మడానికీ మధ్య ఉన్న దూరాన్ని వ్యాసకర్త ఒక్క అంగలో దాటేశారు. ఆ దూరంలోనే నా ఉద్యోగ జీవితం గడిచింది. గృహోపకరణాలు తయారుచేసే ఒక కంపెనీలో వినియోగదారుల ఫిర్యాదులు విని నమోదు చేసుకోవడం నా పని.

ఫోన్ చేసినవారిలో చాలామంది మొదట చెప్పేది ఒకటే: "మీ పేరు చిన్నప్పటినుంచీ వింటున్నాం కదా అని కొన్నాం." ప్రకటనల విభాగం కోరుకున్నది సరిగ్గా ఆ మాటే. అయితే ఆ విభాగంవారు దాన్ని ఒక్కసారి కూడా వినలేదు, నేను రోజూ విన్నాను. టీవీలో కొత్త ప్రకటన మొదలైన వారం మా ఫోన్లు తీరిక లేకుండా మోగేవి. రిపేరుకిచ్చిన యంత్రం ఇంకా తిరిగి రాలేదు, తెర మీద మాత్రం అదే యంత్రం పక్కన ఒకామె నవ్వుతోంది. కోపం రాదా మరి? పదే పదే కనబడటం ఇష్టాన్ని పెంచినట్టే పాత మంటనూ ఎగదోస్తుంది. ఈ రెండోది మీ వ్యాసంలో ఎక్కడా లేదు.

మొదటిదాన్ని నేను కాదనను. పదే పదే ఎదురయ్యే వస్తువు మీద, దాని గురించి ఏమీ తెలియకపోయినా, ఇష్టం కలుగుతుందని మనస్తత్వ శాస్త్రవేత్త రాబర్ట్ జాయంట్స్ 1968లో చూపించారు. మరుసటి ఏడాది ఆయన మరొకరితో కలిసి ప్రచురించిన ప్రయోగం పత్రిక నడిపే మీకు ఇంకా బాగా అర్థమవుతుంది. అమెరికాలో మిషిగన్ రాష్ట్రంలోని రెండు విశ్వవిద్యాలయాల విద్యార్థి పత్రికల్లో, అర్థం తెలియని కొన్ని పరాయి పదాలను ఏ వివరణా లేకుండా ప్రకటనల్లా వేశారు. ఒక పత్రికలో ఎక్కువసార్లు వచ్చిన పదం రెండోదానిలో తక్కువసార్లు వచ్చింది. తర్వాత అడిగితే, తమ పత్రికలో ఎక్కువసార్లు చూసిన పదాలకే విద్యార్థులు మంచి అర్థం ఉండి ఉంటుందన్నారు. అమ్మే సరుకు లేదు, చేసిన వాగ్దానం లేదు, అయినా మొగ్గు పుట్టింది. దీన్నే నమ్మకం అందామా? అలాగైతే ఏ సరుకూ లేనివాడు కూడా దాన్ని సంపాదించగలడన్నమాట.

మోతాదు మించితే ఆ మొగ్గూ నిలవదు. ఒకే వాదనను మళ్లీ మళ్లీ వినిపిస్తే అంగీకారం కొంతవరకు పెరిగి, ఆపైన తగ్గుతుందని కాసియోపో, పెటీ అనే మనస్తత్వ శాస్త్రవేత్తలు 1979లో గమనించారు. ఇంటర్నెట్ ప్రకటనల్లో ఒక మనిషికి ఎన్నిసార్లు చూపాలో పరిమితి పెట్టుకునే వీలుంది. కొన్న వస్తువునే కొన్నాక కూడా మనకు చూపిస్తూ వెంటాడేవారు ఆ వీలును ఎందుకు వాడుకోరో నాకు అంతుపట్టదు.

నన్ను ఎక్కువగా కలవరపెట్టేది మరొకటి. మళ్లీ మళ్లీ విన్న వాక్యం నిజమనిపిస్తుందని హాషర్, గోల్డ్‌స్టీన్, టొపీనో అనే పరిశోధకులు 1977లోనే చెప్పారు. సరైన సమాధానం తెలిసినవారు కూడా దీనికి లోనవుతారని 2015లో వచ్చిన మరో అధ్యయనం తేల్చింది. రంగు, గుర్తు, పాట పదిసార్లు కనబడితే వచ్చే నష్టం చిన్నది. "రోగం రాకుండా కాపాడుతుంది" వంటి మాట పదిసార్లు కనబడటం అలాంటిది కాదు. అందులోనూ వార్తల అక్షరాల్లో, వార్తల వరుసలో, మూలన కనీకనబడని 'ప్రకటన' అన్న ముద్రతో వస్తే, పాఠకుడు మీ పత్రిక మీద పెట్టుకున్న నమ్మకాన్ని ఆ కంపెనీ ఉచితంగా వాడుకున్నట్టే.

అందుకే రెండు విన్నపాలు. వార్తలా కనిపించే ప్రకటనకు శీర్షికంత పెద్ద అక్షరాల్లో 'ప్రకటన' అని వేయండి. ఏదైనా తప్పుడు ప్రచారాన్ని ఖండించేటప్పుడు ఆ తప్పునే శీర్షికలో మళ్లీ అచ్చువేయకుండా, నిజాన్ని శీర్షికగా పెట్టండి. వ్యాపార పేజీలో బ్రాండుల గురించి రాసేవారు వీలైతే ఒక పూట ఏదైనా కంపెనీ ఫిర్యాదుల విభాగంలో కూర్చుని ఫోన్లు వినాలని కూడా నా కోరిక.

ఇట్లు,
ఫిర్యాదుల విభాగంలో పనిచేసి విరమించిన ఒక పాఠకురాలు