మన సంఘం వార్షిక నివేదిక: ఈసారి ఎక్కువగా దెబ్బల లెక్క గురించి

సభ్యులందరికీ నమస్కారం.

దోమల మందు, కాలవల పూడిక, రక్తదాన శిబిరం ఎప్పటిలాగే జరిగాయి, వివరాలు నోటీసు బోర్డులో ఉన్నాయి. కొత్తగా మొదలుపెట్టింది హింస మీద అధ్యయనం. "కొట్లాటలు పోలీసులు చూసుకుంటారు, మనకెందుకు" అని మీటింగులో చాలామంది అడిగారు. హింస ప్రజారోగ్య సమస్యేనని ప్రపంచ ఆరోగ్య సభ 1996లోనే తీర్మానం చేసింది. డెంగ్యూ వస్తే ఏ వీధి, నీళ్ళు ఎక్కడ నిలిచాయి అని ఆరా తీస్తాం కదా, మరి బీరు సీసా దెబ్బతో తల పగిలి వచ్చినవాడికి ఎం.ఎల్.సి. (పోలీసు కేసు కోసం ఆసుపత్రి రాసే కాగితం) రాసి, కుట్లు వేసి పంపేస్తే, రేపు అదే చోట ఇంకొకడి తల పగలకుండా ఎవరు చూస్తారు?

వేల్స్‌లోని కార్డిఫ్‌లో జొనాథన్ షెపర్డ్ అనే ముఖ శస్త్రచికిత్స డాక్టరు ఈ ప్రశ్నే వేసుకున్నాడు. తన దగ్గరికొచ్చే దెబ్బల్లో చాలావాటి సంగతి పోలీసులదాకా పోవడమే లేదని ఆయన గమనించాడు. అందుకని క్యాజువాలిటీలో పేరు చేర్చుకునేటప్పుడే ఎక్కడ, ఎప్పుడు, దేనితో కొట్టారు అని అడిగి, పేర్లు తీసేసి, ఆ లెక్కను పోలీసులకూ నగర పాలక సంస్థకూ ఇచ్చారు. దాన్నిబట్టి గస్తీ మార్చారు. అలాంటి ఇతర నగరాలతో పోలిస్తే అక్కడ దెబ్బలతో ఆసుపత్రిలో చేరేవాళ్ళు బాగా తగ్గారని 2011లో బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో వచ్చింది. దీనికి పెద్ద ఖర్చు కూడా లేదు, నాకు అన్నిటికంటే నచ్చింది అదే.

కొలంబియాలోని కాలీ నగరంలో మేయరు రోడ్రిగో గెర్రెరో అంటువ్యాధుల శాస్త్రం చదివినవాడు. జీతాలొచ్చే వారాంతాల్లో తుపాకులు పట్టుకు తిరగొద్దని నిషేధం పెడితే ఆ రోజుల్లో హత్యలు తగ్గాయి. అమెరికాలో మాత్రం 1996లో బడ్జెట్ చట్టానికి పెట్టిన డిక్కీ సవరణతో తుపాకుల మీద పరిశోధనకు ప్రభుత్వ డబ్బు దాదాపు ఆగిపోయింది, 2020 బడ్జెట్‌లో గానీ 2.5 కోట్ల డాలర్లు మళ్ళీ రాలేదు. ఇన్నేళ్ళు లెక్కే తీయకపోతే ఏ చట్టం పనిచేస్తుందో ఎట్లా తెలుస్తుంది?

మన దగ్గర గొడవ వేరే. పలమనేరు, కుప్పం వైపు అడవి అంచు ఊళ్ళలో పంట పాడుచేసే అడవి పందుల కోసం దాచుకునే నాటు తుపాకులు, పొలం గట్టున పెట్టే నాటు బాంబులు. 1959 ఆయుధ చట్టం ప్రకారం నాటు తుపాకీకీ లైసెన్సు ఉండాల్సిందే. కానీ పంట పోయిన రైతుకు దారి చూపకుండా ఉత్తి తుపాకీ ఇచ్చెయ్యమంటే వింటాడా? ఈ మాట అటవీ శాఖవాళ్ళతోనూ మాట్లాడాలి.

పురుగుమందు సంగతీ ఇందులోదే, ఎందుకంటే ప్రపంచ ఆరోగ్య సంస్థ 2002 నివేదిక ఆత్మహత్యనూ హింస కిందే చూసింది. శ్రీలంకలో బాగా విషమున్న మందులు నిషేధించాక ఆత్మహత్యలు బాగా తగ్గాయి, దిగుబడీ పడిపోలేదు. పొలాలున్న సభ్యులు డబ్బాలను ఇంట్లో మంచం కింద పెట్టకుండా తాళం వేసిన పెట్టెలో పెట్టండి, దయచేసి.

ఈ ఏడాది కరపత్రాల ఖర్చు చందాల్లోంచే సరిపోయింది. వచ్చే ఏడాది క్యాజువాలిటీ రిజిస్టర్లో ఎక్కడ, ఎప్పుడు, దేనితో అనే మూడు గళ్ళు చేర్చమని మన ఊరి ఆసుపత్రుల వాళ్ళను అడగబోతున్నాం. నర్సులుగా, కాంపౌండర్లుగా చేసినవాళ్ళు మనలో ఉన్నారు, ఆ రిజిస్టర్లు ఎట్లా నడుస్తాయో మీకే తెలుసు కాబట్టి ముందుకు రండి. పేషెంట్ల పేర్లు మాత్రం మనకు అక్కర్లేదు, ఎవరూ తీసుకురావద్దు.

కార్యదర్శి