బ్లాక్ నొక్కితే ట్రాయ్ లెక్కలోకి రాదు

సంపాదకులకు,

"సార్, శంకర్‌పల్లి దగ్గర ఓపెన్ ప్లాట్లున్నాయి, సైట్ విజిట్‌కు క్యాబ్ మేమే పంపిస్తాం" అంటూ పది అంకెల మామూలు మొబైల్ నంబరు నుంచి ఫోన్ వస్తుంది. విసుక్కుని కట్ చేసి, నంబరు బ్లాక్ చేసి ఊరుకుంటాం. మర్నాడు అదే గొంతు ఇంకో నంబరు నుంచి పలుకుతుంది. ఈ బెడద మీద వచ్చే లేఖలు చాలావరకు 'టెలికాం నియంత్రణ సంస్థ ట్రాయ్ నిద్రపోతోంది' అన్న మాట దగ్గరే ఆగుతున్నాయి. నిజానికి నిబంధన గట్టిగానే ఉంది. అది నడిచేది ఫిర్యాదుల సంఖ్య మీద. మనం బ్లాక్ నొక్కిన సంగతి మన ఫోనుకు తప్ప ఎవరికీ తెలియదు.

2018 నాటి వాణిజ్య కాల్స్, సందేశాల నిబంధనలను ట్రాయ్ 2025 ఫిబ్రవరి 12న సవరించింది. రిజిస్టర్ చేసుకోకుండా ప్రచార కాల్స్ చేసేవాళ్ల మీద అంతకుముందు 7 రోజుల్లో 10 ఫిర్యాదులు పడితేగానీ కదలిక ఉండేది కాదు. ఇప్పుడు 10 రోజుల్లో 5 చాలు. ఫిర్యాదు చేసే గడువు 3 రోజుల నుంచి 7 రోజులకు పెరిగింది. టెలికాం కంపెనీ చర్య తీసుకోవాల్సిన గడువు 30 రోజుల నుంచి 5 రోజులకు తగ్గింది. మొదటిసారి తప్పు తేలితే ఆ కనెక్షన్ల నుంచి బయటికి వెళ్లే కాల్స్ 15 రోజులు బంద్. మళ్లీ చేస్తే వాళ్ల కనెక్షన్లన్నీ, ఏ కంపెనీవైనా సరే, ఏడాది పాటు తీసేసి బ్లాక్‌లిస్టులో పెట్టాలి. ఇలాంటివాళ్ల మీద ఫిర్యాదుకు డీఎన్‌డీలో (ప్రచార కాల్స్ వద్దని నమోదు చేసుకున్నవారి జాబితా) ఉండాల్సిన పని కూడా లేదు. ఈ చివరి మార్పు తెలిసినవాళ్లు చాలా తక్కువ. 'మేం డీఎన్‌డీ పెట్టుకోలేదు కదా' అని వదిలేస్తున్నవారే ఎక్కువ.

ఫిర్యాదు చేయడానికి మూడు దారులున్నాయి: 1909కు ఫోన్ చేయవచ్చు, అదే నంబరుకు ఎస్సెమ్మెస్ పంపవచ్చు, లేదా ట్రాయ్ డీఎన్‌డీ యాప్, మీ కంపెనీ యాప్‌ వాడవచ్చు. ఎస్సెమ్మెస్‌లో కాల్ దేని గురించో రెండు ముక్కలు, కామా, వచ్చిన నంబరు, కామా, తేదీ (రోజు/నెల/సంవత్సరం వరసలో) రాయాలి. చూడ్డానికి ఇంతే. తేడా వచ్చేది ఆ తర్వాతే. ఫిర్యాదు అందగానే మీ కంపెనీ తన కాల్ రికార్డులు తీసి, ఆ నంబరు నుంచి మీ నంబరుకు ఆ రోజు కాల్ వచ్చిందా అని చూస్తుంది. కనబడితేనే, ఆ నంబరు ఇచ్చిన కంపెనీకి పంపుతుంది. కనబడకపోతే ఫైలు అక్కడే మూత. రెండు సిమ్‌లున్న ఫోనులో కాల్ ఒక సిమ్‌కు వస్తుంది, ఫిర్యాదు రెండో సిమ్ నుంచి పోతుంది. ఇక ఆ రికార్డు ఎక్కడ దొరుకుతుంది? రాత్రి వచ్చిన కాల్ గురించి పొద్దున్నే రాస్తూ ఈరోజు తేదీ వేసినా అంతే. నంబరులో ఒక్క అంకె తప్పినా అంతే. కాబట్టి నంబరు, తేదీ కాల్ లాగ్‌లో చూసే రాయాలి, గుర్తున్నట్టు రాయకూడదు. వాట్సాప్‌లో వచ్చిన ప్రకటనలను ఈ నిబంధనలు అసలు తాకవు, వాటిని 1909కు పంపి లాభం లేదు.

రిజిస్టరైన టెలిమార్కెటర్ల సంగతి వేరు. వాళ్లు ప్రచార కాల్స్ 140తో మొదలయ్యే నంబర్ల నుంచే చేయాలి. వీటిని ఆపాలంటే డీఎన్‌డీ కావాలి. మొత్తం ఆపడానికి 1909కు 'ఫుల్లీ బ్లాక్' అని పంపాలి. కొన్నే ఆపాలంటే 'బ్లాక్' తర్వాత వర్గం అంకె వేయాలి: 1 బ్యాంకింగ్, బీమా, 2 రియల్ ఎస్టేట్, 3 చదువులు, 4 ఆరోగ్యం, ఇలా 8 దాకా. అయితే మీరు విడిగా ఇచ్చిన సమ్మతి డీఎన్‌డీని దాటిపోతుంది. బట్టల షాపు బిల్లు కౌంటర్లో నంబరు చెప్పి, ఫారం కింద చిన్న అక్షరాల పక్కన టిక్ పెట్టి వచ్చాక 'డీఎన్‌డీ ఉన్నా మెసేజ్‌లు ఎలా వస్తున్నాయి?' అంటే జవాబు అక్కడే ఉంది. ఆ సమ్మతి వెనక్కి తీసుకోవచ్చు. తీసుకున్నాక 90 రోజుల దాకా వాళ్లు మళ్లీ అడగకూడదు.

బ్యాంకుల సేవా కాల్స్ 1600తో మొదలయ్యే నంబర్ల నుంచి, ప్రచార కాల్స్ 140 నుంచి రావాలని రిజర్వు బ్యాంకు 2025 జనవరిలోనే చెప్పింది. ఈ లెక్కన మామూలు పది అంకెల నంబరు నుంచి 'మీకు క్రెడిట్ కార్డు మంజూరైంది మేడమ్' అంటే, ఆ మాట పూర్తయ్యేలోపే ఫిర్యాదుకు అర్హమైనట్టే. ఎస్సెమ్మెస్‌లోనైతే పంపినవారి పేరు చివర ఉన్న అక్షరం చూడాలి: పీ అంటే ప్రకటన, ఎస్ అంటే సర్వీసు, టీ అంటే లావాదేవీ, జీ అంటే ప్రభుత్వం. చివర ఎస్ పెట్టి లోపల డిస్కౌంటు ఆఫర్ ఉంటే అది ప్రకటనే, నిక్షేపంగా ఫిర్యాదు చేయవచ్చు.

ఇక అసలు చిక్కు. నిబంధన మాట్లాడేది కాల్ చేయించే మనిషి లేదా సంస్థ గురించి. జనం ఫిర్యాదు చేసేది మాత్రం నంబరు మీద. ఆఫీసులు, కాల్ సెంటర్లు తీసుకునే పీఆర్ఐ లైను ఒక్కదాని మీద ఒకేసారి 30 కాల్స్ నడుస్తాయి, దాని వెనక నంబర్ల వరసే ఉంటుంది. నంబరుకు నాలుగేసి ఫిర్యాదులు పడి ఆగితే, విడివిడిగా ఏదీ గీత దాటదు. వాటిని కేవైసీ పేరు మీద ఒకచోట కూడాల్సింది ఆ లైను ఇచ్చిన కంపెనీయే, అంటే ఆ లైను మీద అద్దె పుచ్చుకునే కంపెనీయే. గట్టిగా పట్టుకుంటే ఏమవుతుందో 2024లో చూశాం. ఆ ఏడాది తొలి ఆరు నెలల్లో రిజిస్టర్ కాని కాలర్ల మీద 7.9 లక్షలకు పైగా ఫిర్యాదులొచ్చాయి. ఆగస్టు 13న ట్రాయ్ ఆదేశమిచ్చింది, సెప్టెంబరు తొలివారానికే 2.75 లక్షల నంబర్లు ఆగిపోయాయి, 50 సంస్థలు బ్లాక్‌లిస్టుకెక్కాయి. మూడు వారాల పని అది!

మోసం కాల్స్‌ను దీనితో కలపకూడదు. అమ్మకం కాల్ అయితే 1909. పోలీసులమనో, కరెంటు కట్ చేస్తామనో బెదిరించే అనుమానాస్పద కాల్ అయితే కేంద్ర టెలికాం శాఖ పోర్టల్ సంచార్ సాథీలోని చక్షు విభాగం. డబ్బు పోతే వెంటనే సైబర్ నేరాల హెల్ప్‌లైన్ 1930. డబ్బు పోయాక 1909కు రాస్తూ కూర్చుంటే పోయేది విలువైన సమయం. అన్నట్టు, ఒకరి పేరు మీద ఎన్ని సిమ్‌లున్నాయో చూపే సంచార్ సాథీ సదుపాయం 2021లో విజయవాడ నుంచి, మన రెండు రాష్ట్రాల కోసమే మొదలైంది. తొమ్మిదికి మించకూడదు. మీది కాని సిమ్ కనబడితే అక్కడే చెప్పవచ్చు. ఆ సిమ్ నుంచి ఎవరు ఏ ప్లాట్లు అమ్ముతున్నారో ఎవరికి ఎరుక?

ఫిర్యాదుల సంఖ్య తప్పుగా చూపిన కంపెనీలకు ట్రాయ్ విధించేది తొలిసారి 2 లక్షలు, రెండోసారి 5 లక్షలు, ఆపైన ప్రతిసారీ 10 లక్షలు. చెల్లని కారణంతో ఫిర్యాదు మూసేస్తే విడిగా జరిమానా ఉంది. ఆ కారణం చెల్లుతుందో లేదో తేలాలంటే ముందు అది బయటికి రావాలి. కాబట్టి ట్రాయ్‌ను అడగాల్సింది కొత్త చట్టం కాదు. టెలికాం లెక్కల్లో ఆంధ్రప్రదేశ్, తెలంగాణ కలిపి ఒకే సర్కిల్. ఈ సర్కిల్‌లో కంపెనీల వారీగా నెలకు ఎన్ని ఫిర్యాదులొచ్చాయి, ఎన్ని మూసేశారు, అందులో 'రికార్డులో కాల్ లేదు' అన్నవెన్ని, 'సంఖ్య చాలలేదు' అన్నవెన్ని అన్న పట్టికను ప్రతినెలా వెబ్‌సైట్లో పెట్టాలి. 1909కు పంపే మాటలు తెలుగులో రాసినా చెల్లాలి. స్మార్ట్‌ఫోన్ లేని పెద్దవాళ్లకు యాప్ పనికిరాదు, వాళ్లకు మిగిలింది ఫోనూ ఎస్సెమ్మెస్సే. ఆ ఎస్సెమ్మెస్‌లో 'ఫుల్లీ బ్లాక్' అని ఇంగ్లీషులో కొట్టమంటే ఎందరు కొట్టగలరు?

ఇట్లు,
టెలికాం వినియోగదారుల హక్కులపై పనిచేస్తున్న కొందరు,
విజయవాడ