సూది పడకముందే కళ్లు తిరిగాయి

తల్లిదండ్రులందరికీ నమస్కారం.

సోమవారం రాత్రి నుంచి నా ఫోన్ మోగుతూనే ఉంది, అందుకని మిగతావి తర్వాత, ముందు ఆ సంగతే చెప్తాను. ఆ రోజు బడిలో పిల్లలకి కరోనా టీకా వేస్తుంటే తొమ్మిదో తరగతి అమ్మాయి ఒకతె కళ్లు తిరిగి పడిపోయిన మాట నిజం. టీకా వల్ల పడిపోయిందన్నది మాత్రం అబద్ధం, ఎందుకంటే అప్పటికి ఆ పిల్లకి టీకా పడనే లేదు. వరసలో తన ముందు ఇంకా ఇద్దరున్నారు. నర్సు సిరంజి పైకెత్తి వేలితో తట్టడం చూసింది, ముఖం పాలిపోయింది, నేను "కూర్చోమ్మా" అనేలోపే గోడకి జారగిలబడిపోయింది. పడుకోబెట్టి కాళ్ల కింద రెండు స్కూలు బ్యాగులు పెట్టాం. రెండు నిమిషాల్లో కళ్లు తెరిచి అడిగిన మొదటి మాట "అందరూ చూశారా మేడమ్?" అని. ఆ పిల్ల బాధంతా అదే. పొద్దున ఏం తిన్నావంటే ఏమీ తినలేదంది.

ఇక్కడిదాకా బడిలో జరిగింది. మిగతాది మీ ఫోన్లలో జరిగింది. రాత్రి ఎనిమిదయ్యేసరికి క్లాసు వాట్సాప్ గ్రూపులో ఆ అమ్మాయి ఐసీయూలో ఉంది. తొమ్మిదింటికి ఒకరు కాస్తా ముగ్గురయ్యారు. పదింటికి వాయిస్ మెసేజ్ వచ్చింది, బడిలో పనిచేసేవాళ్లే చెప్పారట, మేనేజ్‌మెంట్ దాచేస్తోందట. ఆ టైముకి ఆ పిల్ల ఇంట్లో కూర్చుని లెక్కల హోంవర్కు చేసుకుంటోంది. వాళ్లమ్మగారు కూడా ఆ గ్రూపులోనే ఉన్నారండీ. మీ అమ్మాయికి ఎలా ఉందని ఆవిడని ఒక్కరూ అడగలేదు. మర్నాడు పొద్దున మాత్రం సంతకం పెట్టిన అంగీకార పత్రాలు వెనక్కి ఇచ్చేయమని ఆఫీసు ముందు వరస కట్టారు.

సూదిని చూసి కళ్లు తిరగడం ఈ వయసు పిల్లల్లో మామూలే. భయానికి గుండె వేగం, బీపీ ఒక్కసారిగా పడిపోయి మెదడుకి రక్తం అందడం తగ్గుతుంది, అంతే. రక్తపరీక్షకి వెళ్లినా ఇదే జరుగుతుంది. టీకాని కూర్చోబెట్టి వేసి, తర్వాత ఓ పావుగంటో అరగంటో అక్కడే ఉంచేది ఇలాంటివి కనిపెట్టుకుని ఉండటానికే.

ఒక నాన్నగారు నా గదికొచ్చి, కూర్చోకుండానే, "దీనివల్ల ఏమీ కాదని రాసివ్వగలరా?" అన్నారు. రాసివ్వలేనన్నాను. చెయ్యి నొప్పి పుడుతుంది, జ్వరం రావచ్చు, అది ఒంట్లో రక్షణ వ్యవస్థ పని మొదలుపెట్టిందనడానికి గుర్తు. ఎంఆర్ఎన్ఏ రకం టీకాల (వైరస్‌లోని ఒక ముక్కని ఎలా తయారుచేసుకోవాలో ఒంటికి సూచన అందించేవి) తర్వాత చాలా అరుదుగా, అదీ ఎక్కువగా కుర్రాళ్లలో, గుండె కండరానికి వాపు వచ్చిన కేసులున్నాయి, వాళ్లలో చాలామంది కోలుకున్నారు. టీకా వేసుకున్నా కరోనా రావచ్చు, కాకపోతే ముదిరి ఆసుపత్రిదాకా వెళ్లే ముప్పు బాగా తగ్గుతుంది. ఇదంతా చెప్పాక కూడా ఆయన సంతకం పెట్టలేదు, ఆలోచించుకుని చెప్తానన్నారు. ఆయన మీద నాకు కోపం లేదు. అడగాల్సిన మనిషిని, అడగాల్సిన ప్రశ్న అడిగారు.

పెద్దవాళ్లే మాట మార్చారు కదా మేడమ్, అని కూడా చాలామంది అంటున్నారు. నిజమే. ఆరోగ్యంగా ఉన్నవాళ్లకి మాస్కు అక్కర్లేదని మొదట చెప్పిన ప్రపంచ ఆరోగ్య సంస్థే 2020 జూన్‌లో జనంలోకి వెళ్లేటప్పుడు పెట్టుకోమంది. కరోనా గాల్లో వ్యాపించేది కాదని 2020 మార్చిలో ఖరాఖండిగా చెప్పి, అవును గాల్లో కూడా వ్యాపిస్తుందని స్పష్టంగా రాయడానికి 2021 దాకా ఆగింది. కొత్త జబ్బు, తెలిసేకొద్దీ మాట మారుతుంది, అందులో తప్పు లేదు. కానీ తెలియనప్పుడు తెలిసినట్టు అంత గట్టిగా చెప్పకుండా ఉండాల్సిందని నాకూ అనిపిస్తుంది. ఆ గందరగోళంలో మనం బల్లలు తుడిచాం, పుస్తకాలు ఎండలో పెట్టాం, వచ్చిన ప్రతివాళ్ల చేతుల్లో శానిటైజర్ పోశాం, పోసి, కిటికీలన్నీ మూసుకుని లోపల కూర్చున్నాం!

కిటికీల గురించి నేను మాట్లాడితే ఆపనని స్టాఫ్ రూములో జోకులేసుకుంటారని నాకు తెలుసు. వేసుకోనివ్వండి. నలభైమంది పిల్లలు ఒక గదిలో ఊపిరి పీల్చి వదులుతున్నారంటే ఒకరు వదిలిన గాలినే ఇంకొకరు పీలుస్తున్నారని అర్థం, ఆ గాలి బయటికి పోయే దారి లేకపోతే వైరస్ ఉన్న అతి సన్నని తుంపరలు సిగరెట్ పొగలాగా గదంతా పరుచుకుని గంటల తరబడి తేలుతూనే ఉంటాయి, మూలబెంచీలో కూర్చున్నా తప్పించుకోలేం. కంటికి కనబడదని మీరు నమ్మరు. ఎనిమిదో తరగతి బి సెక్షన్ పిల్లలు కూడా నమ్మలేదు, అందుకే కొలిచారు. మనం వదిలే ఊపిరిలో ఉండే కార్బన్ డయాక్సైడ్‌ని కొలిచే చిన్న మీటరు ఒకటి తెప్పించాను, గాల్లో పది లక్షల పాళ్లకి అది ఎన్ని పాళ్లుందో చెప్తుంది, బయట పెడితే నాలుగొందల పైచిలుకు చూపిస్తుంది. తలుపులూ కిటికీలూ మూసి ఒక పీరియడ్ కూర్చునేసరికి వెయ్యి దాటి ఇంకా ఎక్కుతూనే ఉంది. ఎదురెదురు కిటికీలు రెండు తెరిచారు, అంకె దిగడం మొదలైంది. ప్రతి పది నిమిషాలకీ రాసుకుని, గ్రాఫ్ గీసి, దాన్ని తెచ్చి నా బల్ల మీద పెట్టి "మీ గది కూడా కొలుస్తాం మేడమ్" అన్నారు. కొలిచారు. నా గదే అధ్వానం. ఆ రోజు నుంచి నా కిటికీ మూయలేదు. కాబట్టి "మా వాడి మీద ఎండ పడుతోంది, కిటికీ మూయించండి" అని డైరీలో రాసేవాళ్లకి నా జవాబు ఒకటే, వాడి చోటు మారుస్తాను, కిటికీ మూయను.

తొమ్మిదో తరగతి వాళ్ల గోడపత్రిక మీరంతా చూసి తీరాలి. టీకాలంటే జనం ఎందుకు జంకుతారన్నది వాళ్లు ఎంచుకున్న విషయం, నేను చెప్పింది కాదు. 1796లో ఎడ్వర్డ్ జెన్నర్ అనే ఇంగ్లండ్ డాక్టరు, మశూచి రాకుండా ఉంటుందేమో చూద్దామని, తన తోటమాలి కొడుకు, ఎనిమిదేళ్ల పిల్లాడికి ఆవు మశూచి రసి ఎక్కించాడు. ఆ తర్వాత కొన్నేళ్లకి, 1802లో, టీకా వేయించుకున్నవాళ్ల ఒంట్లోంచి ఆవులు పుట్టుకొస్తున్నట్టు లండన్‌లో కార్టూన్ అచ్చేశారు. ఈ పిల్లలు ఆ బొమ్మని అచ్చం దింపి, పక్కనే మొన్న మన గ్రూపుల్లో తిరిగిన "టీకాలో చిప్ ఉంది" మెసేజ్ అతికించి, కింద "తేడాలు కనిపెట్టండి" అని రాశారు. నేను పగలబడి నవ్వాను. అదే టీకాల వల్ల మశూచి భూమ్మీద లేకుండా పోయిందని 1980లో ప్రకటించారన్నది కూడా రాశారు. మాస్కు గురించి రాసిన మూల ఒకటుంది. 1910-11లో చైనా ఈశాన్యంలోని మంచూరియాలో ఊపిరితిత్తుల ప్లేగు వచ్చినప్పుడు వూ లియన్-తె అనే డాక్టరు దూది, గాజుగుడ్డతో మాస్కులు కుట్టించాడు. ఒక పెద్ద ఫ్రెంచ్ డాక్టరు ఆయన్ని ఈసడించి, మాస్కు లేకుండానే రోగుల్ని చూసి, కొద్దిరోజుల్లోనే ప్లేగుతో పోయాడు. ఇది వెతికి పట్టుకొచ్చినది ఎవరో తెలుసా, సోమవారం కళ్లు తిరిగి పడిన అమ్మాయే. సూదంటే భయపడటానికీ టీకాని నమ్మకపోవడానికీ సంబంధం లేదని ఇంతకన్నా ఎవరు చెప్పగలరు?

యూనిట్ టెస్టులు బుధవారం నుంచే, మార్పేమీ లేదు, లైబ్రరీ పుస్తకాలు ఈ వారంలో వచ్చేయాలి, బస్సు టైములు నోటీసు బోర్డులో ఉన్నాయి.

ఇంకో రెండు మాటలు, ఏమీ అనుకోకండి. గేటు దగ్గర జ్వరం చూస్తారని తెలిసి పొద్దున్నే పారాసిటమాల్ వేసి పంపుతున్నారు కొందరు. గేటు దాటేస్తున్నారు, మూడో పీరియడ్‌కి ఒళ్లు కాలిపోతోంది, అప్పటికి పక్కన ముగ్గురు కూర్చుని ఉన్నారు. మీకు ఆఫీసు ఇబ్బందులుంటాయి, అర్థం చేసుకోగలను, కానీ మీ ఇబ్బంది ఇంకో ముగ్గురి ఇంటికి పంపొద్దు. అలాగే ఒక బాబు ఎన్95 మాస్కు శుభ్రంగా ఉతికించి ఇస్త్రీ చేయించుకుని వచ్చాడు. శ్రద్ధకి మెచ్చుకున్నాను గానీ, దాని పోగుల్లో ఉండే స్థిర విద్యుత్తే దుమ్మునీ తుంపరల్నీ పట్టుకునేది, సబ్బునీళ్లలో వేస్తే అది పోతుంది. ఉతకాల్సినవి గుడ్డ మాస్కులు, అవి మాత్రం సోమవారం పెట్టుకున్నవే శనివారం దాకా వస్తున్నాయి. ఇక గడ్డం కింద మాస్కు. పిల్లలకి అది ఎవరు నేర్పారా అనుకునేదాన్ని, సాయంత్రం బడి వదిలే టైముకి గేటు దగ్గర నిలబడితే తెలిసిపోయింది.

టీకా ఇంకా వేయించుకోనివాళ్లకి వచ్చే సోమవారం వేస్తారు. పత్రాలు శుక్రవారంలోగా పంపండి, పంపకపోతే ఎందుకో ఒక్క మాట రాయండి, లేదా వచ్చి అడగండి, ఉదయం పదింటి దాకా గదిలోనే ఉంటాను. పిల్లలకి ఏదైనా తినిపించి పంపండి. ఆ అమ్మాయి పత్రం మంగళవారమే వచ్చేసింది, తనే తెచ్చి ఇచ్చింది. ఒకటే అడిగింది, వరసలో తనని మొట్టమొదట నిలబెట్టాలట, వేరేవాళ్లకి వేస్తుంటే చూడలేదట. అలాగేనన్నాను.

మీ ప్రధానోపాధ్యాయిని