అడ్వాన్సు వాపసు షరతు అగ్రిమెంటులోనే ఉండాలి

సంపాదకులకు,

ఇల్లు కొనే అగ్రిమెంటులో చాలామంది చూసుకునేవి రెండే: మొత్తం ధర, రిజిస్ట్రేషన్ గడువు. కొనేవారి తప్పేమీ లేకుండా బేరం చెడితే అడ్వాన్సు ఏమవుతుందన్న మాట చాలా కాగితాల్లో కనిపించదు. ‘గడువులోగా మిగతా సొమ్ము చెల్లించకుంటే అడ్వాన్సు వదులుకున్నట్టే’ అన్న వాక్యం మాత్రం తప్పక ఉంటుంది. బ్యాంకు లోను ఇవ్వకపోయినా ఆ వాక్యం కొనేవారి మెడకే చుట్టుకుంటుంది.

షరతుల మీద నడిచే ఒప్పందాలకు 1872 నాటి కాంట్రాక్టు చట్టంలోనే చోటుంది. ఫలానా గడువులోగా ఫలానాది జరిగితేనే అని రాసుకున్నప్పుడు, ఆ గడువు దాటినా అది జరగకపోతే ఒప్పందం చెల్లదని 35వ సెక్షన్ చెబుతోంది. అందుకే ప్రతి షరతుకూ గడువు ఉండి తీరాలి.

అన్నిటికన్నా ఎక్కువగా దెబ్బతీసేది లోను షరతు. ‘లోను వస్తే కొంటాను’ అని రాస్తే చాలదు, ఎంత లోను అన్నది అంకెల్లో ఉండాలి. బేరం 1.20 కోట్లకు కుదిరి, 90 లక్షల లోను వస్తుందనుకున్నారని అనుకుందాం. బ్యాంకు వాల్యూయర్ ఆ ఇంటికి 1.04 కోట్లే విలువ కట్టారు. 75 లక్షలు దాటిన గృహరుణానికి ఆస్తి విలువలో 75 శాతమే రిజర్వు బ్యాంకు పెట్టిన పరిమితి, కాబట్టి 78 లక్షలకు మించి రాదు. కాగితం మీద లోను మంజూరైనట్టే, చేతిలో మాత్రం 12 లక్షలు తక్కువ. ‘90 లక్షలకు తగ్గకుండా మంజూరు కాకపోతే, బ్యాంకు లేఖ చూపిన 15 రోజుల్లో అడ్వాన్సు పూర్తిగా వాపసు’ అని ఉంటే ఈ చిక్కు రాదు.

గడువు లెక్కపెట్టడంలోనూ పొరపాటు జరుగుతుంది. లింకు డాక్యుమెంట్లు, అంటే ఆ ఆస్తి ఇంతకుముందు చేతులు మారిన పాత దస్తావేజులు, అందకుండా బ్యాంకు లీగల్ పరిశీలన ముందుకు సాగదు. అమ్మేవారు వాటిని నెల తర్వాత ఇచ్చినా రోజులు అగ్రిమెంటు తేదీ నుంచే కరిగిపోతుంటాయి. కాపీలన్నీ చేతికిచ్చిన రోజు నుంచి లెక్క మొదలవ్వాలి. షరతుల గడువు రిజిస్ట్రేషన్ గడువు కన్నా ముందే ముగియాలి. షరతు తీరలేదన్న సంగతి అందినట్టు రుజువుండే లేఖతో తెలపాలి, ఫోన్లో చెప్పిన మాట కోర్టులో నిలవడం కష్టం.

ఈసీ (ఆస్తి మీద రిజిస్టరైన లావాదేవీలు చూపే ఎన్‌కంబరెన్స్ సర్టిఫికెట్) 30 ఏళ్లకు తీయించినా అందులో కనిపించేవి రిజిస్టరైన లావాదేవీలే. రిజిస్టరు కాని అగ్రిమెంట్లు, వారసుల తగాదాలు అందులోకి రావు. అందుకే ఒరిజినల్స్ చూపించాలనీ, న్యాయవాది రాతపూర్వకంగా అభ్యంతరం చెబితే సొమ్ము వాపసు అనీ వేరే షరతు ఉండాలి. అమ్మేవారికి ఆ ఇంటి మీద లోను ఉంటే, దాన్ని పూర్తిగా తీర్చడానికి ఎంత కట్టాలో బ్యాంకు రాసిచ్చే ఫోర్‌క్లోజర్ లెటర్ తీసుకుని, బాకీ మొత్తాన్ని నేరుగా ఆ లోను ఖాతాకే కట్టాలి.

బిల్డరు దగ్గర కొనేవారికి 2016 రెరా (స్థిరాస్తి నియంత్రణ) చట్టం కొంత అండ. రిజిస్టరైన అగ్రిమెంటు లేకుండా ధరలో 10 శాతానికి మించి తీసుకోకూడదు. పాత ఇల్లు కొనేవారికి ఆ రక్షణ లేదు, కాగితమే దిక్కు.

దస్తావేజు లేఖరుల దగ్గరి నమూనాల్లో లోను మొత్తం, షరతు గడువు, వాపసు రోజులు అనే మూడు ఖాళీలు చేర్చేలా రిజిస్ట్రేషన్ శాఖ చూడాలని కోరుతున్నాం.

— ఆస్తి దస్తావేజుల పరిశీలనలో ఉన్న కొందరు న్యాయవాదులు