పిలుపు చిన్నదిగా ఉండనివ్వండి

ప్రియమైన తల్లిదండ్రులకు ప్రభువు నామంలో వందనాలు.

ఈ నెల బైబిలు తరగతుల్లో పిల్లలు ఆతిథ్యం గురించి చదువుతున్నారు. ఆ మాట వినగానే మనకు చుట్టాలు, స్నేహితులు గుర్తొస్తారు. హెబ్రీ పత్రిక 13:2లో వాడిన గ్రీకు మాట ‘ఫిలోక్సెనియా’. దానికి అర్థం పరాయివాళ్ల మీద ప్రేమ. ‘పరదేశినై యుంటిని, నన్ను చేర్చుకొంటిరి’ అని మత్తయి 25లో ప్రభువు అన్నదీ ఆ పరాయివాళ్లను దృష్టిలో పెట్టుకునే.

ఆదికాండము 18లో అబ్రాహాము ఏ పని తర్వాత ఏ పని చేశాడో పిల్లలతో కలిసి చదవండి. మిట్టమధ్యాహ్నం, ముగ్గురు అపరిచితులు. పరుగెత్తి ఎదురెళ్లాడు. ముందు కాళ్లకు నీళ్లు, చెట్టు కింద నీడ, ఆ తర్వాతే భోజనం. కొంచెం ఆహారం తెస్తానని చెప్పి లోపలికెళ్లి మూడు మానికల పిండి పిసకమన్నాడు. వాళ్లు తింటున్నంతసేపూ పక్కనే నిలబడ్డాడు. వాళ్లెవరో, ఎక్కణ్ణించి వచ్చారో అడిగినట్టు అక్కడ ఎక్కడా లేదు.

మన ఇళ్లలో ఇది ఎక్కువగా ఆగిపోయేది ఏర్పాట్ల దగ్గరే. ఇల్లు సర్దాక పిలుద్దాం, తీరిక దొరికాక పిలుద్దాం అనుకుంటాం, నెలలు గడిచిపోతాయి. లేదా ఒకసారి శక్తికి మించి చేసి అలసిపోతాం. సణుక్కోకుండా ఆతిథ్యం చేయమని పేతురు (1 పేతురు 4:9) ఊరికే రాయలేదు. సణుగుడు చాలాసార్లు అలసటలోంచే పుడుతుంది. అందుకే రోజూ వండుకునేదే రెండు పళ్లాలు ఎక్కువ పెట్టండి, గంటన్నర చాలు. ‘ఎప్పుడైనా రండి’ అంటే ఎవరూ రారు. రోజు, వచ్చే వేళ, ముగిసే వేళ, ఇంకెవరుంటారు అనేవి చెప్పండి. ఏం తినరో ముందే అడగండి. వచ్చాక మీవాళ్లతో మీరే మాట్లాడుకుంటూ ఉండిపోకండి, కొత్తవాళ్లు మౌనంగా కూర్చోవడానికి కారణం ఎక్కువగా అదే. సొంత ఊరు ఎందుకు వదిలారు, ఇంట్లో ఎవరెవరు లేరు వంటివి వాళ్లంతట వాళ్లు చెబితే వినండి. ఫోటోలు తీసి ఎక్కడా పెట్టకండి. రెండు మూడు వారాల్లో మళ్లీ పిలవండి. మొదటిసారి మర్యాద కోసం వస్తారు, మనసు విప్పేది రెండోసారే.

పిల్లలకు నిజమైన పని ఇవ్వండి: నీళ్లు అందించడం, కూర్చునే చోటు చూపించడం, అతిథుల పిల్లల పేర్లు గుర్తుపెట్టుకోవడం. ‘తెలియనివాళ్లతో మాట్లాడకు’ అని మనమే నేర్పాం కదా, ఇదేమిటి అని వాళ్లు అడుగుతారు. అడగాల్సిన ప్రశ్నే. ఆతిథ్యం ఇచ్చేది పెద్దవాళ్లు, పిల్లలు సాయం చేస్తారు. పెద్దవాళ్లు ఇంట్లో లేనప్పుడు తలుపు తీయకూడదు. అతిథితో ఏ పిల్లా, పిల్లవాడూ ఒంటరిగా గదిలో ఉండకూడదు. ‘ఇది ఎవరికీ చెప్పకు’ అని అతిథి అంటే వెంటనే వచ్చి మీకు చెప్పాలి. ముట్టుకోవడం ఇష్టం లేకపోతే నమస్కారం చాలు, బలవంతంగా ఒళ్లో కూర్చోబెట్టకండి. ఈ నియమాలు అందరికీ ఒకటే, ప్రార్థనకు వచ్చేవాళ్లకైనా సరే.

ఎవరైనా రాత్రి బస చేస్తే ఎన్ని రాత్రులో ముందే మాట్లాడుకోండి. తొలినాటి సంఘాల నియమ గ్రంథం ‘డిడాకే’ కూడా దారిన పోయే ప్రయాణికుడికి రెండు రోజులు, అవసరమైతే మూడు అని హద్దు పెట్టింది. అక్కడే స్థిరపడాలనుకుంటే పని చేసుకుని తినాలంది. హద్దు తెలిస్తే ఇంటివాళ్లు విసుక్కోరు, అతిథి ఇబ్బంది పడరు. డబ్బు అడిగితే గుమ్మంలో నిలబడి ఒంటరిగా తేల్చకండి, ఇంకో పెద్దమనిషితో కలిసి నిర్ణయించండి.

బడిలో కొత్తగా చేరే ప్రతి విద్యార్థికి మొదటి పది బడి రోజులు ఇద్దరు తోడుంటారు. ఒక్కరికే అప్పగిస్తే, ఆ ఒక్కరూ సెలవు పెట్టిన రోజు కొత్తవాళ్లు మళ్లీ ఒంటరే. మీ బిడ్డకు ఆ వంతు వస్తే, భోజనాల వేళ పక్కన ఎవరు కూర్చున్నారని సాయంత్రం ఒక మాట అడగండి.

ఇట్లు,
ప్రధానోపాధ్యాయులు